బ్యాటరీని తిట్టేముందు డైనమోను చూడండి

బండిలో కరెంటు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆగుతుంది?

తెల్లాపూర్: నిన్న సాయంత్రం వరకు చక్కగా తిరిగిన బండి తెల్లవారేసరికి మొండికేస్తుంది. తాళం తిప్పితే సెల్ఫ్ ‘టక్’ మంటుంది తప్ప ఇంజను కదలదు. నలుగురు కలిసి నెడితే గాని స్టార్టు కాదు. బ్యాటరీ పోయిందని పక్కవాళ్లు తీర్పు చెబుతారు. వేలు పోసి కొత్త బ్యాటరీ వేయిస్తారు. నాలుగు రోజులు తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొస్తుంది. కొత్త బ్యాటరీ కూడా డౌన్! అప్పుడు గాని అసలు దొంగ దొరకడు. బ్యాటరీకి కరెంటు అందించవలసిన ఆల్టర్నేటరు, మన మెకానిక్‌లు నేటికీ ‘డైనమో’ అని పిలిచే యంత్రం, ఎప్పుడో పని మానేసి ఉంటుంది.

డబ్బు ఒకందుకు పోతే, పని మరొకందుకు ఆగుతుంది. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసులకు క్యాబ్ తిప్పే కుర్రవాడికి ఒక పూట బండి ఆగితే ఆ రోజు కిరాయి లేనట్టే. దుక్కి అదను మీద ట్రాక్టరు ఆగితే రైతుకు జరిగే నష్టం చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి రింగురోడ్డు మీద హెడ్‌లైట్లు మసకబారితే ప్రాణానికే ముప్పు. ఇంత నష్టం తెచ్చిపెట్టే ఈ చిన్న యంత్రం గురించి వాహనదారులందరూ కొంతైనా తెలుసుకోవలసిన అవసరం ఉంది.

తెల్లాపూర్, కొల్లూరు, వెలిమెల, ఈదులనాగులపల్లి, ఉస్మాన్‌నగర్ గ్రామాలు పూర్వం మెదక్ జిల్లాలోవి. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 2018లో తెల్లాపూర్ మున్సిపాలిటీ అయింది. జొన్న, వరి పండిన నేలల్లో అంతస్తుల భవనాలు లేచాయి. ఒకే రోడ్డు మీద ట్రాక్టరు, కారు, క్యాబ్, స్కూలు బస్సు, ఇసుక లారీ నడుస్తున్నాయి. వీటిలో డీజిలు పోసేది ఏదైనా, పెట్రోలు పోసేది ఏదైనా, కరెంటు ఏర్పాటు మాత్రం అన్నిటికీ ఒక్కటే.

ట్యాంకు, మోటారు

ఇంటి మీద నీళ్ల ట్యాంకు, పెరట్లో బోరు మోటారు ఉన్న ఇంటిని ఊహించుకుంటే సంగతి సులభంగా అర్థమవుతుంది. బ్యాటరీ ట్యాంకు వంటిది. ఆల్టర్నేటరు మోటారు వంటిది. ట్యాంకులో నీళ్లు తనంతట పుట్టవు. మోటారు ఎక్కిస్తేనే ఉంటాయి. బ్యాటరీలో కరెంటూ అంతే.

ఇంజను ఆగి ఉన్నప్పుడు సెల్ఫ్ తిప్పడానికి బ్యాటరీ కావాలి. కారు సెల్ఫ్ ఒక్కసారిగా 100 నుంచి 200 ఆంపియర్ల వరకు లాగుతుంది. డీజిల్ ట్రాక్టరుకు ఇంకా ఎక్కువే కావాలి. ఇంజను అందుకున్న మరుక్షణం నుంచి బ్యాటరీ పని దాదాపు తీరిపోయినట్టే. అక్కడినుంచి హెడ్‌లైట్లు, హారను, వైపరు, ఏసీ ఫ్యాను, ఇంధన పంపు, ఇంజను కంప్యూటరు అన్నిటికీ కరెంటు పంపేది ఆల్టర్నేటరే. వాటికి పోగా మిగిలింది బ్యాటరీలోకి ఎక్కిస్తుంది.

సెల్ఫ్ కొట్టడం వల్లనే బ్యాటరీ అయిపోతుందని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. 150 ఆంపియర్ల చొప్పున 3 సెకన్లు తిప్పినా ఖర్చయ్యేది ఒక ఆంపియర్ గంటలో ఎనిమిదో వంతు మాత్రమే. ఆల్టర్నేటరు బాగుంటే అది కొద్ది నిమిషాల్లో తిరిగి నిండుతుంది. బ్యాటరీని అసలు ఖాళీ చేసేవి, ఇంజను ఆపి వదిలేసిన లైట్లు, పాటల పెట్టె, లేదా చార్జింగు ఇవ్వని ఆల్టర్నేటరు.

రామచంద్రాపురంలో పెద్దన్న

తెల్లాపూర్ పొరుగునే రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం ఉంది. 1960లలో చెకోస్లోవేకియా సాంకేతిక సహకారంతో నెలకొన్న ఈ కర్మాగారంలో విద్యుత్ కేంద్రాలకు కావలసిన టర్బైన్లు, జనరేటర్లు తయారవుతాయి. ఈ చుట్టుపక్కల ఊళ్లలో భెల్‌లో పనిచేసినవారు లేని వీధి అరుదు. వారు చేసిన భారీ జనరేటరుకూ, కారు బానెట్ కింద కొబ్బరికాయంత ఉండే ఆల్టర్నేటరుకూ సూత్రం ఒక్కటే కావడం విశేషం. వాటిని అన్నదమ్ములనవచ్చు.

తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుంది. ఈ రహస్యాన్ని ఇంగ్లండు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. విద్యుత్ కేంద్రంలో ఆవిరి టర్బైను అయస్కాంతాన్ని తిప్పుతుంది. కారులో ఆ పని ఇంజను చేస్తుంది. మధ్యలో ఫ్యాన్ బెల్టు ఉంటుంది.

ఆల్టర్నేటరు లోపల రెండు ముఖ్య భాగాలుంటాయి. తిరిగేది రోటరు. కదలకుండా చుట్టూ ఉండేది స్టేటరు. రోటరు లోపల ఒక తీగచుట్ట, దానిపై రెండు వైపుల నుంచి వేళ్లు పెనవేసినట్టు ఇనుప గోళ్లు ఉంటాయి. కార్బన్ బ్రష్‌ల గుండా 3 నుంచి 5 ఆంపియర్ల కొద్దిపాటి కరెంటు పంపితే ఆ గోళ్లు అయస్కాంతాలవుతాయి. అది తిరుగుతుంటే చుట్టూ ఉన్న స్టేటరు తీగల్లో కరెంటు పుడుతుంది. పుట్టేది ఎటువంటి కరెంటు అనుకున్నారు? పొలంలో బోరు మోటారుకు వచ్చే త్రీఫేజ్ కరెంటే! బోరు మోటారు త్రీఫేజ్ తీసుకుని తిరుగుతుంది. ఆల్టర్నేటరు తిరిగి త్రీఫేజ్ ఇస్తుంది. తేడా అంతే.

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మారుతూ తిరిగి వస్తుంది. అందుకే థర్మల్ కేంద్రంలో రెండు ధ్రువాల జనరేటరు నిమిషానికి సరిగ్గా 3000 చుట్లు తిరగాలి. ఎక్కువా తక్కువా పనికిరాదు. కారు తమ్ముడికి ఆ కట్టుబాటు లేదు. సాధారణంగా 12 ధ్రువాలుండే ఆల్టర్నేటరు నిమిషానికి 2000 చుట్లు తిరిగితే సెకనుకు 200 ఆవృత్తులు, 6000 తిరిగితే 600 ఆవృత్తులు వస్తాయి. ఇంజను కన్నా ఆల్టర్నేటరు పుల్లీ చిన్నది కాబట్టి ఇంజను ఒక చుట్టు తిరిగితే అది రెండు మూడు చుట్లు తిరుగుతుంది. అందుకే బండి నిలిచి ఇంజను మెల్లగా ఆడుతున్నప్పుడు కూడా కొంత కరెంటు ఇవ్వగలుగుతుంది.

పాత డైనమో ఎందుకు పోయింది?

బండ్లు పుట్టిన కొత్తలో సెల్ఫ్ లేదు. ముందుభాగాన హాండిల్ పెట్టి చేత్తో తిప్పేవారు. హాండిల్ వెనక్కు తన్ని చేతులు విరిగిన సందర్భాలు ఎన్నో. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ సెల్ఫ్ వచ్చాక బ్యాటరీ, డైనమో బండిలో తప్పనిసరి భాగాలయ్యాయి.

మన పెద్దలు నడిపిన పాత అంబాసిడర్లలో, జీపుల్లో ఉన్నది నిజమైన డైనమో. అందులో కరెంటు పుట్టే తీగచుట్టే తిరిగేది. పుట్టిన కరెంటు మొత్తం కార్బన్ బ్రష్‌ల గుండా రావలసిందే. నిప్పురవ్వలు లేచేవి, బ్రష్‌లు త్వరగా అరిగేవి. ఇంజను నెమ్మదిగా ఆడితే చార్జింగు ఉండేది కాదు. రాత్రి సంతల దగ్గర బండి ఆగితే లైట్లు ఎర్రబారడం ఆ రోజుల్లో డ్రైవర్లందరికీ అనుభవమే. ఇంజను మందగించినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కు డైనమోలోకి పోకుండా ‘కటౌట్’ అనే పెట్టె కాపలా కాసేది.

సిలికాన్ డయోడ్లు చవకగా రావడంతో పరిస్థితి మారింది. 1960 ప్రాంతంలో అమెరికాలో క్రిస్లర్ కంపెనీ తన కార్లలో ఆల్టర్నేటర్లను పెద్దఎత్తున వాడడం మొదలుపెట్టింది. మన దేశంలో 1961లో ప్రారంభమైన మద్రాసు పాడిలోని లూకాస్ టీవీఎస్ ఈ రంగంలో పేరొందింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేనాటికి కొత్త కార్లలో ఆల్టర్నేటరుదే రాజ్యమైంది. యంత్రం మారినా పేరు మారలేదు. షెడ్డుల్లో నేటికీ అది డైనమోయే.

ఆరు డయోడ్లు, ఒక కాపలాదారు

ఆల్టర్నేటరులో పుట్టేది దిశ మారే కరెంటు. బ్యాటరీకి కావలసింది ఒకే దిశలో పారే కరెంటు. ఈ పేచీ తీర్చేవి డయోడ్లు. బావి పైపు అడుగున ఫుట్ వాల్వు ఉంటుంది కదా! నీటిని పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. డయోడ్ కూడా అటువంటిదే. కరెంటును ఒకవైపే పోనిస్తుంది. మూడు ఫేజులకు రెండేసి చొప్పున ఆరు డయోడ్లు ఉంటాయి. ఇంజను ఆపినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కు పోకుండా అడ్డుకునేవి కూడా ఇవే. కాబట్టి ఆల్టర్నేటరుకు పాత కటౌట్ అవసరం లేకపోయింది.

ఒక డయోడ్ కాలితే ఆల్టర్నేటరు పూర్తిగా ఆగదు. కరెంటు తగ్గుతుంది. రేడియోలో ఇంజను వేగంతో పాటు పెరిగే కూత వినిపిస్తుంది. డయోడ్ లీకైతే రాత్రంతా బ్యాటరీ దొంగచాటుగా ఖాళీ అవుతుంది. పగలంతా బాగుండి ఉదయం మొండికేసే బండ్లలో ఈ జబ్బు ఉండే అవకాశం ఉంది.

ఇక కాపలాదారు రెగ్యులేటరు. ఇంజను వేగం పెరిగితే వోల్టేజీ అదుపు లేకుండా పెరిగి బల్బులు మాడిపోతాయి. అలా జరగకుండా రెగ్యులేటరు నిరంతరం వోల్టేజీని చూస్తూ రోటరుకు పోయే కరెంటును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి. నిండిన సెల్లు 2.1 వోల్టులు. మొత్తం 12.6 వోల్టులు. కరెంటు ఎక్కించాలంటే అంతకన్నా ఎక్కువ ఒత్తిడి కావాలి. సెల్లుకు 2.4 వోల్టులు, అంటే మొత్తం 14.4 వోల్టులు దాటితే లోపలి నీరు వాయువులుగా విడిపోయి ఆవిరైపోతుంది. ఆ రెండిటి మధ్య 13.8 నుంచి 14.4 వోల్టుల వద్ద నిలపడమే రెగ్యులేటరు నేర్పు.

ఈ కరెంటు ఉచితంగా రాదు. 14 వోల్టుల వద్ద 60 ఆంపియర్లంటే 840 వాట్లు. మధ్యలో పోయే నష్టాలు కలుపుకుంటే ఇంజను నుంచి సుమారు రెండు హార్స్‌పవర్ల శక్తి తీసుకుంటుంది. చిన్న నీటి మోటారు తిప్పినంత పని. అందుకే బెల్టు వదులైతే అది జారి ‘కీచు’మంటుంది. చార్జింగు పడిపోతుంది.

ఎర్రదీపం చెప్పే కబురు

డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మతో ఎర్రదీపం ఉంటుంది. చాలామంది అది బ్యాటరీ దీపమనుకుంటారు. నిజానికి అది చార్జింగు దీపం. తాళం తిప్పగానే అది వెలగాలి. ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవాలి.

పాత తరహా బండ్లలో ఈ దీపం ఒక కొస బ్యాటరీ వైపు, ఇంకొక కొస ఆల్టర్నేటరు వైపు కలిపి ఉంటుంది. తాళం తిప్పినప్పుడు దీపం గుండా కొద్ది కరెంటు రోటరుకు పోయి దానిని తొలిసారి అయస్కాంతంగా చేస్తుంది. ఆల్టర్నేటరు పని మొదలుపెట్టగానే రెండు కొసలా వోల్టేజీ సమానమై దీపం ఆరుతుంది. దీనివల్ల మూడు సంగతులు తెలుస్తాయి.

తాళం తిప్పినా దీపం వెలగకపోతే బల్బు పోయి ఉండవచ్చు. కొన్ని బండ్లలో బల్బు పోతే చార్జింగే మొదలుకాదు. ఇంజను ఆడుతున్నా దీపం ఆరకపోతే బెల్టు తెగి ఉండాలి, లేదా ఆల్టర్నేటరు ఆగి ఉండాలి. గుడ్డిగా వెలుగుతుంటే డయోడ్‌ల మీద అనుమానపడాలి. కొత్త కార్లలో ఈ దీపాన్ని కంప్యూటరు నడిపిస్తుంది గాని, అది చెప్పే కబురు మాత్రం అదే.

మీటరు ఉంటే మోసం లేదు

ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే సాధారణ మల్టీమీటరుతో ఎవరైనా పరీక్ష చేసుకోవచ్చు. డీసీ 20 వోల్టుల వద్ద పెట్టి, ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు ఆనించాలి.

మొదటిది: బండి ఆపి కొన్ని గంటలయ్యాక చూడాలి. 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగం. 12కు దిగితే దాదాపు ఖాళీ.

రెండవది: మరొకరు సెల్ఫ్ కొడుతుండగా చూడాలి. సుమారు 10 వోల్టుల దగ్గర నిలిస్తే మంచిది. నిండిన బ్యాటరీ కూడా 9.5కు దిగువకు కూలిపోతే దాని ఆయువు తీరినట్టే.

మూడవది: ఇంజను ఆడుతుండగా కాస్త యాక్సిలరేటరు ఇచ్చి చూడాలి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటరు బాగున్నట్టు. ఇంజను ఆడుతున్నా 12.5 దగ్గరే ఉండి క్రమంగా దిగుతుంటే చార్జింగు లేనట్టు. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్టు. అటువంటి బండిలో బ్యాటరీ నీరు తరచూ తగ్గడం, కుళ్లిన గుడ్ల వాసన రావడం, బల్బులు మాడడం కనిపిస్తాయి.

నాలుగవది: హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను వేసి మళ్లీ చూడాలి. 13.5కు తగ్గకుండా నిలబడాలి.

లారీలు, బస్సుల్లో రెండు బ్యాటరీలతో 24 వోల్టుల ఏర్పాటు ఉంటుంది. వాటికి ఈ అంకెలను రెట్టింపు చేసుకోవాలి. ఇటీవలి కొన్ని కార్లలో ఇంధనం ఆదా కోసం కంప్యూటరే చార్జింగును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటిలో కాసేపు 12.5, కాసేపు 15 దరిదాపు కనిపించినా కంగారు పడనక్కరలేదు.

ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. ఇది చేయకుండా బ్యాటరీ మార్చడమంటే, బోరు మోటారు కాలితే ట్యాంకు పగలగొట్టి కొత్తది కట్టినట్టు ఉంటుంది. చాలాసార్లు ఆల్టర్నేటరులో పోయేది మొత్తం యంత్రం కాదు. అరిగిన కార్బన్ బ్రష్‌లో, ఒక బేరింగో, రెగ్యులేటరో మారిస్తే సరిపోతుంది. ఏ భాగం చెడిందో చూపించమని ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడిగే హక్కు బండి యజమానికి ఉంది.

రింగురోడ్డు మీద దీపం వెలిగితే?

కొల్లూరు పక్కగా సాగే అవుటర్ రింగురోడ్డు 158 కిలోమీటర్ల పొడవు. రాత్రివేళ ఎర్రదీపం వెలిగిందనుకుందాం. అప్పటినుంచి బండి బ్యాటరీ మీదనే నడుస్తుంది. హెడ్‌లైట్లకు 9 ఆంపియర్లు, ఇంధన పంపు, ఇంజను కంప్యూటరు వగైరాలకు 10, ఫ్యానులకు మరో 10 అనుకుంటే మొత్తం దాదాపు 30 ఆంపియర్లు. 45 ఆంపియర్ గంటల బ్యాటరీ లెక్కకు గంటన్నర రావాలి గాని, వోల్టేజీ పడిపోతుంది కాబట్టి వాస్తవంలో గంటకు మించి నమ్మడానికి లేదు. పాత బ్యాటరీ అయితే ఇంకా తక్కువే.

ముందుగా ఉష్ణోగ్రత ముల్లును చూడాలి. కొన్ని బండ్లలో ఒకే బెల్టు నీటి పంపును కూడా తిప్పుతుంది. ముల్లు పైకి లేస్తుంటే బెల్టు తెగినట్టు. ఇంజను కాలిపోకముందే పక్కకు తీసి ఆపాలి. ముల్లు మామూలుగా ఉంటే ఏసీ, పాటలు, ఫోను చార్జరు ఆపివేసి, హెడ్‌లైట్లు మాత్రం ఉంచి, దగ్గరలోని దారిన దిగి సురక్షితమైన చోటికి చేరాలి. మధ్యలో ఇంజను ఆపితే మళ్లీ స్టార్టు కాకపోవచ్చు. లైట్లు ఆపి కరెంటు ఆదా చేయాలన్న ఆలోచన ప్రాణాంతకం.

పాత పద్ధతి డీజిల్ ట్రాక్టరు, జీపు ఒకసారి స్టార్టయితే బ్యాటరీ లేకున్నా నడుస్తాయి. పెట్రోలు కార్లు, కంప్యూటరు ఉన్న నేటి డీజిలు బండ్లు అలా నడవవు. కరెంటు నిండుకోగానే ఉన్నచోటనే ఆగిపోతాయి.

నిలబెట్టిన కారు కూడా తింటుంది

పెద్ద భవన సముదాయాల్లో వారాల తరబడి కదలని కార్లు కనిపిస్తాయి. 2020 తరువాత ఇంటి నుంచే ఉద్యోగాలు చేయడం పెరగడంతో ఈ సమస్య ఎక్కువైంది. ఆగి ఉన్న కారులో గడియారం, తాళం అలారం, కంప్యూటరు జ్ఞాపకశక్తి కొద్దికొద్దిగా కరెంటు తింటూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్ గంటలు, నెలకు 36 ఆంపియర్ గంటలు. 45 ఆంపియర్ గంటల బ్యాటరీ నెల తిరిగేసరికి అడుగంటుతుంది.

వారానికొకసారి ఇంజను ఐదు నిమిషాలు ఆడించి ఆపితే చాలునని కొందరు అనుకుంటారు. నిలిచిన చోట మెల్లగా ఆడే ఇంజనుతో ఆల్టర్నేటరు తన పూర్తి సామర్థ్యం ఇవ్వలేదు. కనీసం అరగంట రోడ్డు మీద తిప్పడం మేలు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని ఆల్టర్నేటరు మీద వదిలేయడం కూడా మంచిది కాదు. అంత భారం మోసి అది వేడెక్కి పాడయ్యే ప్రమాదముంది. బ్యాటరీ షాపులో చార్జింగు పెట్టించి బిగించుకోవాలి.

రైతు సోదరులకు

ట్రాక్టరు ఆల్టర్నేటరుకు ప్రధాన శత్రువులు దుమ్ము, గడ్డిపోచలు, దమ్ము చేసేటప్పటి బురదనీరు. దుక్కి సీజను ముందు ఒకసారి గాలి కొట్టించి శుభ్రం చేయించాలి. వాటర్ సర్వీసులో నీటి ధారను నేరుగా ఆల్టర్నేటరు మీద కొట్టించరాదు.

రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. ఎక్కువ దిగితే జారుతుంది. అసలు దిగకపోతే బేరింగులు పోతాయి. బ్యాటరీ టర్మినళ్ల మీద పట్టే తెల్లటి, పచ్చటి పూతను వేడినీళ్లతో కడిగి, ఆరాక వాజిలీను రాయాలి. ఇంజను నుంచి చాసిస్‌కు పోయే ఎర్త్ తీగ తుప్పు పట్టినా బ్యాటరీ డౌనైనట్టే కనిపిస్తుంది.

మూతలున్న బ్యాటరీల్లో ప్లేట్లు మునిగేలా నీటిని చూసుకోవాలి. పోయవలసింది డిస్టిల్డ్ వాటరు. బోరు నీటిలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. నీరు తగ్గిందని యాసిడ్ పోయడం ఇంకా పొరపాటు.

ట్రాక్టర్ల తయారీకి మన జిల్లా కొత్తది కాదు. 1980లలో ఆల్విన్ నిస్సాన్ తేలికపాటి లారీలతో పేరు తెచ్చుకున్న జహీరాబాద్‌లో, 2013లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ప్రారంభమైంది. బ్యాటరీల తయారీలోనూ తెలుగు ప్రాంతాలు వెనుకబడి లేవు. 1977లో హైదరాబాద్‌లో హెచ్‌బీఎల్, 1985లో తిరుపతి దగ్గర గల్లా రామచంద్రనాయుడు నెలకొల్పిన అమరరాజా ఈ రంగంలో దేశవ్యాప్తంగా పేరు పొందాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది.

ఇవి మాత్రం చేయకండి

ఇంజను ఆడుతుండగా బ్యాటరీ టర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టని చెప్పే అలవాటు కొన్ని షెడ్డుల్లో ఇంకా ఉంది. ఇది పాత డైనమోల కాలం నాటి పరీక్ష. ఆల్టర్నేటరుకు బ్యాటరీ ఒక్కసారి తెగిపోతే వోల్టేజీ క్షణంలో పదుల వోల్టులకు ఎగిరి డయోడ్లు, కంప్యూటరు కాలిపోతాయి. మీ బండిమీద ఈ పరీక్ష చేయనివ్వవద్దు.

ట్రాక్టరుకు, ట్రాలీకి వెల్డింగు చేయించేముందు బ్యాటరీ తీగలు విప్పించాలి.

వేరే బండి బ్యాటరీతో స్టార్టు చేసేటప్పుడు ప్లస్‌కు ప్లస్ కలపాలి. తీగలు తారుమారైతే డయోడ్లు తక్షణం కాలతాయి. నల్ల తీగ రెండవ కొసను డౌనైన బ్యాటరీకి కాకుండా ఇంజను లోహభాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. ఎందుకంటే చార్జింగయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ఒక్క నిప్పురవ్వ పడితే బ్యాటరీ పేలి యాసిడ్ కళ్లలో పడుతుంది. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. యాసిడ్ పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగి, కంట్లో పడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పాత బ్యాటరీని ఇంటి దగ్గర పగలగొట్టి సీసం తీయడం ఒంటికీ, నేలకూ విషం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పాతది ఇచ్చి కొత్తదానిలో ధర తగ్గించుకోవడం దుకాణాల్లో ఎలాగూ ఉన్నదే. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారుల మీద ఉంది.

కరెంటు కార్లకు కూడా

ఈ రోడ్ల మీద కరెంటు కార్లు కూడా తిరుగుతున్నాయి. వాటికి ఇంజను లేదు, ఆల్టర్నేటరూ లేదు. కాని చాలా వాటిలో 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. లైట్లు, తాళాలు, కంప్యూటరు దాని మీదనే పనిచేస్తాయి. పెద్ద బ్యాటరీ నుంచి వోల్టేజీ దించి ఇచ్చే పెట్టె దీనికి చార్జింగు ఇస్తుంది. ఈ చిన్న బ్యాటరీ పోతే, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలకపోవచ్చు. ఇంధనం ఏదైనా బ్యాటరీ మీద ఓ కన్ను వేయక తప్పదన్నమాట.

గ్రామాల్లో ట్రాక్టరున్న ప్రతి రైతు, క్యాబ్ నడిపే ప్రతి యువకుడు ఒక మల్టీమీటరు దగ్గర ఉంచుకోవడం మంచిది. నెలకొకసారి బెల్టు నొక్కి చూడడం, టర్మినళ్లు తుడవడం, ఇంజను ఆడుతుండగా వోల్టులు చూడడం పెద్ద పని కాదు. పాఠశాల బస్సుల విషయంలో యాజమాన్యాలు మరింత శ్రద్ధ వహించాలి. ఈసారి బండి మొండికేసినప్పుడు బ్యాటరీ కొనడానికి బయలుదేరేముందు మీటరు పెట్టి చూడండి. 13.8 కనిపించకపోతే వెళ్లవలసింది బ్యాటరీ షాపుకు కాదు, డైనమో మెకానిక్ దగ్గరకు.